41 వేల మైళ్ళ వోల్వో వి70 ఆర్: కొనవచ్చా?

2004 మోడల్ వోల్వో వి70 ఆర్. ఆరు గేర్ల మాన్యువల్. బయట టైటానియం గ్రే, లోపల నారింజ కలిసిన గోధుమ రంగు తోలు సీట్లు. మీటరు మీద 41 వేల మైళ్ళు, అంటే సుమారు 66 వేల కిలోమీటర్లు. కొన్నప్పటి నుంచీ ఒకే ఓనర్. అడుగుతున్న ధర 19,500 డాలర్లు.

అదే మోడల్, అదే గేర్‌బాక్స్, లక్షా ముప్ఫై వేల మైళ్ళు తిరిగిన బండిని వర్జీనియాలో ఒకాయన 9 వేలకు అమ్ముతున్నారు. తేడా 10,500. తక్కువ తిరిగినందుకు అంత డబ్బు పెట్టవచ్చా అన్నది తేలితేగానీ కొనకూడదనుకున్నాను. పాత కారు చూడటానికి వెళ్ళినప్పుడు మనవాళ్ళు మొదట అడిగేది "ఎంత తిరిగింది?" అని. చాలామంది అక్కడితోనే ఆపేస్తారు కూడా. ఆ ప్రశ్న ఒక్కటే చాలదని, కానీ దాన్ని పూర్తిగా కొట్టిపారేయనూ లేమని ఈ బండిని చూశాక నాకు బాగా అర్థమైంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ కారు సంగతి. వ్యాగన్ అంటే సెడాన్ పైకప్పును వెనకదాకా సాగదీసి, డిక్కీని లోపలి చోటుతో కలిపేసిన బండి. మన దేశంలో 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బలెనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కాంబి లాంటివి వచ్చాయి. ఏవీ నిలదొక్కుకోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డుకు ఒక టాటా ఎస్టేట్ సర్వీసుకు వచ్చేది. ఒకసారి దాని వెనక తలుపు ఎత్తి జీపు గేర్‌బాక్స్ ఒకటి వేసుకుని, అదే బండిలో కుటుంబమంతా ఎక్కి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి నాకు ఈ ఆకారం మీద ఇష్టం. ఎస్‌యూవీ అంత ఎత్తు ఉండదు, మలుపుల్లో ఒరగదు, సామాను మాత్రం అంతే పడుతుంది.

వోల్వో వాళ్ళు ఈ ఆకారాన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నారంటే, 1994లో బ్రిటిష్ టూరింగ్ కార్ రేసుల్లోకి 850 ఎస్టేట్‌నే దింపారు. రికార్డ్ రైడెల్, యాన్ లామర్స్ నడిపారు. అది రేసులు గెలవలేదు గానీ, పొడుగాటి వ్యాగన్ సెడాన్ల మధ్య దూసుకుపోతున్న ఫొటోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. 1995లో 240 హార్స్‌పవర్‌తో 850 టి-5ఆర్ వచ్చింది, పసుపు రంగుకు పేరుపడ్డ బండి అదే. దాని తర్వాత 850 ఆర్, ఆ తర్వాత మొదటి తరం వి70 ఆర్. 2002 పారిస్ మోటార్ షోలో చూపించిన రెండో తరమే నేను చెబుతున్నది. అమెరికాలో 2004 నుంచి 2007 మోడళ్ళ దాకా అమ్మారు.

ఇంజన్ 2.5 లీటర్లు, అయిదు సిలిండర్లు, టర్బో, 300 హార్స్‌పవర్. టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, 400 న్యూటన్ మీటర్లు, అది 2,000 ఆర్‌పీఎం లోపే అందుతుంది. ఈ సంఖ్య మాన్యువల్ బండికి. అదే ఏడాది వచ్చిన ఆటోమేటిక్‌కు గేర్‌బాక్స్ తట్టుకోదని టార్క్‌ను 350కి తగ్గించారు. కాబట్టి 2004, 2005 మోడళ్ళు చూసేవాళ్ళు మాన్యువల్ కోసం ఆగడం మంచిది. నాలుగు చక్రాలకూ బ్రెంబో బ్రేకులు, వెనక చక్రాలకు కూడా శక్తి పంచే హాల్డెక్స్ క్లచ్‌తో ఆల్ వీల్ డ్రైవ్, డ్యాష్‌బోర్డు మధ్యలో మూడు బటన్లు: కంఫర్ట్, స్పోర్ట్, అడ్వాన్స్‌డ్. ఆ బటన్లు షాక్ అబ్జార్బర్ల గట్టిదనాన్ని మారుస్తాయి. ఓలిన్స్, మన్రో కంపెనీలతో కలిసి చేసిన ఆ సస్పెన్షన్‌కు ఫోర్-సి అని పేరు. దాని గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ కారులో పర్సు ఖాళీ చేసేది అదే.

బండి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ శివార్లలో ఉంది. మేముండేది పక్క రాష్ట్రం ఒహాయోలోని కొలంబస్. మా ఊరి తెలుగువాళ్ళకు పిట్స్‌బర్గ్ అంటే పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడే, ఎటూ వెళ్తుంటాం. దర్శనం అయ్యాక అక్కడికి అరగంట. మా పిన్ని కొడుకు అక్కడే ఉంటాడు, పాత వోల్వోలు రెండు సొంతంగా బాగుచేసుకుంటాడు. వోల్వో డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ వైడా ఉన్న పాత ల్యాప్‌టాప్ కూడా వాడి దగ్గర ఉంది. వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఓనర్ రిటైరైన పెద్దాయన. గ్యారేజీ శుభ్రంగా ఉంది. కారు చూడగానే ఎవరికైనా మనసు జారిపోతుంది. రంగు ఎక్కడా వెలిసిపోలేదు, హెడ్‌లైట్లు పసుపెక్కలేదు. సరిగ్గా ఇక్కడే ఆగి నిదానించాలి. పాత కారు మెరుస్తోందంటే ఎండ తగల్లేదని మాత్రమే రుజువు.

మొదటి పని, 41 వేలు నిజమేనా అని చూడటం. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం 2010, అంతకు ముందు మోడళ్ళకు పదేళ్ళు దాటాక అమ్మకం సమయంలో ఓడోమీటర్ రీడింగ్ రాసివ్వాల్సిన అవసరం లేదు. 2011 నుంచి వచ్చిన మోడళ్ళకే అది 20 ఏళ్ళు చేశారు. అంటే 2004 బండి టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఏ అంకె ఉన్నా, దానికి చట్టం నుంచి పెద్దగా అండ లేదు. ఋజువు మనమే వెతుక్కోవాలి. పెన్సిల్వేనియాలో ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. చేయించిన ప్రతిసారీ మైళ్ళు రాస్తారు. పెద్దాయన ఆ కాగితాలన్నీ ఫైలు చేసి ఉంచారు. మొదటి ఏళ్ళలో ఎక్కువే తిరిగింది, తర్వాత ఏడాదికేడాది రెండు వేలు, పదిహేను వందలు, చివరి సంవత్సరాల్లో మూడొందలు, నాలుగొందలు. పాత కార్ల చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టులోనూ అవే అంకెలు ఉన్నాయి. ఒహాయోలో ఇలాంటి వార్షిక తనిఖీ లేదు, మా రాష్ట్రంలో ఇదే కారు దొరికి ఉంటే ఇంత గట్టి ఋజువు దొరికేది కాదు.

కాగితాలతో పాటు కారు కూడా సాక్ష్యం చెప్పాలి. డ్రైవర్ సీటు ఎడమ అంచు చూడండి, దిగేటప్పుడు తొడ రాసుకునేది అక్కడే. లక్ష మైళ్ళ బండిలో ఆ అంచు తోలు పగిలి, లోపలి స్పాంజ్ కుంగి ఉంటుంది. ఇందులో ముడతలున్నాయి, పగుళ్ళు లేవు. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు ఇంకా పదునుగా ఉన్నాయి. స్టీరింగ్ తోలు నిగనిగలాడటం లేదు, అంటే చేతులు ఎక్కువ పడలేదు. ఇవన్నీ 41 వేలకు సరిపోయాయి. (ఇదే కుటుంబంలో అంతకు ముందు తరం 850 కొనేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటి మీటరులో చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం విరిగిపోతుంది. స్పీడు ముల్లు మామూలుగానే కదులుతుంది గానీ మైళ్ళు అక్కడితో ఆగిపోతాయి. 80 వేలు చూపిస్తున్న 850 ఎంత తిరిగిందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు.)

అంకె నిజమే. ఇప్పుడు అసలు ప్రశ్న. ఫైలులో టైమింగ్ బెల్ట్ రసీదు కోసం వెతికాను. లేదు. పెద్దాయన్ని అడిగితే, బుక్‌లో చెప్పిన మైళ్ళు ఇంకా రాలేదు కదా అన్నారు. ఆయన అబద్ధమాడలేదు, నిర్లక్ష్యమూ చేయలేదు. పుస్తకంలో మైళ్ళ లెక్క చూశారు, దాని పక్కన ఉండే ఏళ్ళ లెక్క చూడలేదు. ఇంజన్ వాల్వులను పిస్టన్లతో తాళం తప్పకుండా నడిపే ఆ బెల్ట్ రబ్బరుది. కారు నిలబడి ఉన్నా రబ్బరు ఎండుతూనే ఉంటుంది. ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంక హెడ్ విప్పాల్సిందే. ఇరవై ఏళ్ళు దాటిన ఒరిజినల్ బెల్ట్‌తో ఉన్న ఆ ఇంజన్ ముందు నిలబడితే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. టెస్ట్ డ్రైవ్‌లో 3,500 ఆర్‌పీఎం దాటనని అప్పుడే అనుకున్నాను.

టైర్లు కూడా అంతే. గాళ్ళు చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి. పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు 2313. అంటే 2013లో 23వ వారం తయారీ. వేలితో నొక్కి పక్కకు లాగితే సన్నటి పగుళ్ళు కనిపించాయి. అవి ఒక్క మైలు నడవకపోయినా పనికిరావు.

ఇంజన్ వేడెక్కాక మా తమ్ముడు, "అక్కా, రబ్బరు గ్లోవ్ ఉందా?" అన్నాడు. పెద్దాయన పెయింటింగ్ పనికి వాడే పల్చటి నీలం గ్లోవ్ ఒకటి ఇచ్చారు. వాడు ఆయిల్ మూత తీసి, ఆ గొట్టం నోటికి గ్లోవ్ తొడిగి, చుట్టూ చేత్తో అదిమి పట్టుకున్నాడు. ఈ వోల్వో ఇంజన్లలో క్రాంక్‌కేసులో పుట్టే ఆవిరిని లోపలికి లాగేసే పీసీవీ వ్యవస్థ ఉంటుంది. దాని ఆయిల్ డబ్బా ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద నక్కి ఉంటుంది. అది బాగుంటే గ్లోవ్ లోపలికి పీల్చుకుపోతుంది, లేదా వాలి పడి ఉంటుంది. మూసుకుపోతే లోపలి ఒత్తిడికి గ్లోవ్ ఉబ్బుతుంది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత బొటనవేలు నెమ్మదిగా నిక్కింది, దాని వెనకే చూపుడు వేలు. అయిదు వేళ్ళూ లేవలేదు గానీ అరచేయి గుండ్రంగా ఉబ్బింది. "మొదలైంది అక్కా. ఇప్పుడే మార్చిస్తే సీల్స్ దక్కుతాయి" అన్నాడు. ఆ ఒత్తిడి పెరిగితే నూనె బయటికొచ్చేది వెనకవైపు సీల్ నుంచి, అది మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి.

చిన్న చిన్న దూరాలు నడిపిన బండిలోనే ఇది తొందరగా మూసుకుపోతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే లోపలి తేమ ఆవిరైపోదు, నూనెతో కలిసి జిడ్డులా పేరుకుంటుంది. నెలకోసారి కిరాణా కొట్టుదాకా వెళ్ళి వచ్చిన 41 వేల మైళ్ళ కన్నా, రోజూ హైవే మీద గంట నడిచిన లక్ష మైళ్ళు ఇంజన్‌కు మేలు చేసి ఉండొచ్చు. ఆటోనగర్‌లో మా నాన్న కూడా షెడ్డుకు వచ్చిన బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తర్వాత అడిగేవారు, ముందు "ఎన్నాళ్ళు నిలబెట్టారు?" అని అడిగేవారు.

ఇక నడిపిన సంగతి. వెనక్కి తీసి వీధిలోకి తిప్పేసరికే ఒక లోపం తెలిసిపోతుంది. 18 అంగుళాల చక్రాల మూలంగా స్టీరింగ్ చాలా తక్కువ తిరుగుతుంది. మామూలు వీధిలో ఒక్క ఊపులో యూటర్న్ కాదు, వెనక్కీ ముందుకీ ఆడించాల్సిందే. ఇండియన్ స్టోర్ పార్కింగులో శనివారం సాయంత్రం ఇది ఎంత ఇబ్బందో ఊహించుకోండి. క్లచ్ బరువు. గేర్ లివర్ కదలిక పొడుగు, హోండాల్లో ఉండే చురుకుదనం ఇందులో ఉండదు.

రోడ్డెక్కి మూడో గేరులో కాస్త తొక్కాక ఇవన్నీ వెనక్కిపోయాయి. అయిదు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ 144 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్‌లో పెట్రోలు మండుతుంది. నాలుగింటిలో 180, ఆరింటిలో 120. అందుకే దాని శబ్దం రెండింటికీ చెందదు, బరువైన గొంతుతో కొంచెం ఎగుడుదిగుడుగా పలుకుతుంది. టర్బో మొదలవడం విడిగా తెలియదు, రోడ్డు ఎత్తుగా ఉన్నా బండి అదే ఊపుతో ఎక్కుతుంది. పిట్స్‌బర్గ్ అంతా కొండలే కాబట్టి అది బాగా పరీక్షకొచ్చింది. 3,500 దాటకుండానే ఈ కారుకు ఎంత సత్తువ ఉందో అర్థమైంది. బ్రేకు మీద కాలు పెడితే 1,700 కిలోల పైచిలుకు బండి ఎక్కడ కావాలంటే అక్కడ ఆగింది. సీట్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. నడుం నొప్పి ఉన్న నాలాంటివాళ్ళు ఈ కారులోంచి దిగాక వేరే ఏ కారు సీటునూ మెచ్చుకోలేరు.

కంఫర్ట్‌లో గతుకులు తెలుస్తాయి గానీ బాధపెట్టవు. స్పోర్ట్ నాకు నచ్చింది. అడ్వాన్స్‌డ్ బటన్ ఒక్క వీధి మాత్రం భరించి ఆపేశాను, రేస్ ట్రాక్ మీద తప్ప దాని అవసరం ఎవరికీ రాదు. పెద్దాయన ఇంటి ముందు కంకర దారి ఉంది. అక్కడ ఆపి, మొదటి గేరులో ఒక్కసారిగా వదిలితే వెనక చక్రాలు కూడా నెట్టాయి. ఆల్ వీల్ డ్రైవ్ బతికే ఉందన్నమాట. ఈ పరీక్ష తప్పకుండా చేయండి. ఇంజన్ శక్తిని వెనక్కి మళ్ళించే యాంగిల్ గేర్‌లో ఒక చిన్న స్లీవ్ ఉంటుంది. తుప్పు పట్టి దాని పళ్ళు అరిగిపోతే బండి చడీచప్పుడు లేకుండా ముందు చక్రాల బండి అయిపోతుంది. డ్యాష్‌బోర్డులో హెచ్చరిక రాకపోవచ్చు కూడా.

కొనే ఉద్దేశం గట్టిపడ్డాక పెద్దాయన అనుమతితో అక్కడికి దగ్గర్లో యూరోపియన్ కార్లు చూసే ఒక విడి షాపులో లిఫ్ట్ ఎక్కించాం. ఈ ఖర్చుకు వెనకాడవద్దు. పశ్చిమ పెన్సిల్వేనియాలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కింద ఏముందో కన్ను పెట్టి చూడాల్సిందే. బ్రేకు పైపులు, సబ్‌ఫ్రేమ్ మీద పైపైన తుప్పు ఉంది, తిన్నది ఎక్కడా లేదు. ముందు ఎడమ షాక్ అబ్జార్బర్ నూనె కారుతోంది. కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు ఎండి చీలాయి. స్లీవ్ చుట్టూ ఎర్రటి పొడి కనిపించింది, ఇప్పుడే మార్చి గ్రీజు పెట్టడం మేలని మెకానిక్ చెప్పాడు. హాల్డెక్స్ నూనె ఎప్పుడూ మార్చినట్టు లేదు, నల్లగా దిగింది.

షాపు ఇచ్చిన ఎస్టిమేట్ ఇది. బెల్ట్, వాటర్ పంప్, టెన్షనర్ కలిపి 1,350. పీసీవీ 900. నాలుగు టైర్లు 850. ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చాలి, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అరిగితే హాల్డెక్స్ దెబ్బతింటుంది. నూనెలు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, స్లీవ్ అన్నీ 600. బుష్‌లు 700. ముందు షాకులు రెండూ 1,600. మొత్తం 6,000 డాలర్లు. వీటిలో ఒక్కటి కూడా ఎక్కువ తిరగడం వల్ల వచ్చింది కాదు. అన్నీ ఏళ్ళ బాకీ.

ఇప్పుడు వర్జీనియా బండితో పోల్చాలి. దాని ఓనర్ బెల్ట్ మార్చారు, పీసీవీ మార్చారు, రసీదులున్నాయి. కానీ క్లచ్ చివరి దశలో ఉంది, నాలుగు షాకులూ పోయాయి, వాటి స్థానంలో మామూలు షాకులు వేయడంతో సస్పెన్షన్ సర్వీసు చేయించమన్న హెచ్చరిక డ్యాష్‌బోర్డు మీద శాశ్వతంగా ఉండిపోయింది. డ్రైవర్ సీటు చిరిగింది. దాన్ని నిలబెట్టాలంటే ఏడెనిమిది వేలు అవుతాయి. అంటే 16, 17 వేలు. అప్పటికీ సీట్లు పాతవే, గేర్‌బాక్స్ లక్షా ముప్ఫై వేలు తిరిగినదే.

ఈ లెక్క వేస్తున్నప్పుడే నాకు విషయం తేటపడింది. ఏళ్ళతో పాడయ్యేవి దాదాపు అన్నీ ఇప్పటికీ డబ్బు పెడితే దొరికేవే. బెల్టులు, పైపులు, బుష్‌లు, టైర్లు. కానీ మైళ్ళతో అరిగేవాటిలో కొన్ని ఇక దొరకవు, లేదా దొరికినా కొనలేం. ఈ తోలుతో డ్రైవర్ సీటు కొత్తది ఎవరూ అమ్మరు. ఒరిజినల్ ఫోర్-సి షాకులు దొరకడమే కష్టం, రీబిల్డ్ చేసేవాళ్ళ దగ్గరికి పంపాలి. గేర్‌బాక్స్ సింక్రోలు, డోర్ ప్యానెళ్ళు, ఆర్ మోడల్‌కు మాత్రమే వచ్చే బంపర్లు కూడా అంతే. తక్కువ తిరిగిన బండికి ఎక్కువ ఇవ్వడంలో అర్థం ఉంటే అది వీటి కోసమే. ఆ అర్థానికి నా దృష్టిలో విలువ 5 వేల డాలర్ల దాకా. 10,500 మాత్రం కాదు.

మా ఆయన అభిప్రాయం వేరు. "ఇంకో మూడు నాలుగు వేలు వేస్తే కొత్త కొరోలా వస్తుంది కదా, నువ్వు నడిపే కొద్దీ ఆ 41 వేల గొప్ప కూడా కరిగిపోతుంది" అన్నారు. రెండో మాట నూటికి నూరు పాళ్ళు నిజం. తక్కువ తిరిగిన కారుకు ఇచ్చే అదనపు సొమ్ము, నడిపిన ప్రతి మైలుతో తరిగిపోయే సొమ్ము. దాచి పెట్టి పదేళ్ళ తర్వాత వేలంలో అమ్ముదామనుకునేవాళ్ళకు ఆ లెక్క వేరు. నేను నడపడానికే కొంటున్నాను. మా అమ్మావాళ్ళు వస్తే ఎయిర్‌పోర్టుకు, బియ్యం బస్తాలకు, బొమ్మల కొలువు మెట్ల చెక్కలకు, ఇంకా మంచి రోడ్డు దొరికితే ఊరికే వెళ్ళి రావడానికి. "అలా కరిగిపోవడానికే కొంటున్నానండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, ఎస్టిమేట్ కాగితం తీసుకుని కూడికలు సరిచూశారు.

ఇలాంటి వ్యాగన్లే ఇంకో రెండు కూడా పరిశీలించాను. ఆడి ఎస్4 అవాంట్, ఆ కాలపుదే, వి8 ఇంజన్, 340 హార్స్‌పవర్. నడపడానికి ఇంకా గొప్పగా ఉంటుంది. కానీ దాని టైమింగ్ చెయిన్లు ఇంజన్ వెనకవైపున ఉంటాయి, వాటి గైడ్లు అరిగితే ఇంజన్ మొత్తం దింపాలి. ఆ ఒక్క పనికి ఇంకో కారు వస్తుంది. సుబారు లెగసీ జీటీ వ్యాగన్ 2005 మాన్యువల్ 250 హార్స్‌పవర్‌తో తేలిగ్గా, చలాకీగా ఉంటుంది, విడిభాగాలు చవక. ముట్టుకోని మంచి బండి దొరికితే దానివైపు వెళ్ళండి అనే చెబుతాను. మా చుట్టుపక్కల నాకు కనిపించినవన్నీ ఎవరో ఒకరు ట్యూన్ చేసి పిండేసినవే.

ఈ వోల్వో ఎవరికి వద్దో కూడా చెప్పాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే కారయితే వద్దు. సోమవారం పొద్దున్న తప్పనిసరిగా ఆఫీసుకు తీసుకెళ్ళాల్సిన బండిగా దీన్ని పెట్టుకోకూడదు. దగ్గర్లో వోల్వో తెలిసిన విడి మెకానిక్ లేకపోతే కూడా వద్దు, డీలర్ రేట్లతో ఈ వయసు బండిని పోషించలేం. పెట్రోలు ప్రీమియమే పోయాలి. ఇన్సూరెన్స్ మామూలు పాలసీ మీద పెడితే, ఏదైనా జరిగినప్పుడు ఇరవై ఏళ్ళ వోల్వో అని చెప్పి మూడు నాలుగు వేలు చేతిలో పెడతారు. పాత కార్లకు అగ్రీడ్ వాల్యూ పాలసీ ఇచ్చే కంపెనీలున్నాయి, విలువ ముందే రాయించుకోండి. వాళ్ళు ఏడాదికి ఎన్ని మైళ్ళు నడపనిస్తారో, గ్యారేజీ ఉండాలంటారో లేదో ముందే చదవండి.

పెద్దాయనకు ఎస్టిమేట్ కాగితం చూపించి 13,500 అన్నాను. 19,500లోంచి 6,000 తీసేస్తే వచ్చేది అదే. ఆయన నొచ్చుకున్నారు, ఇన్నేళ్ళు దాన్ని అంత బాగా చూసుకున్నందుకు ఇదా అన్నట్టు ముఖం పెట్టారు. ఆయన చూసుకున్న తీరు వల్లే నేను కొనాలనుకుంటున్నానని, సీట్లకు, బాడీకి తగిన విలువ ఇస్తానని, కానీ బెల్ట్ బాకీ నేను మోయలేనని ఉన్నమాట చెప్పాను. ఒక వారం ఆగి 17,000 అన్నారు. నా హద్దు 16,000 అని ముందే రాసి పెట్టుకున్నాను. చివరికి 15,500 దగ్గర ఒప్పందం కుదిరింది. రిపేర్లతో కలిపి 21,500. వర్జీనియా బండి కన్నా అయిదు వేలు ఎక్కువ, నేను వేసుకున్న విలువకు సరిగ్గా సరిపోయింది.

కాబట్టి నా సమాధానం: ఈ ధరకు కొనవచ్చు, మొదట అడిగిన ధరకు కూడదు. మైళ్ళకు ఋజువు కాగితాల్లో ఉండి, ఏళ్ళ బాకీని ధరలోంచి తీసేస్తేనే తక్కువ తిరిగిన బండి లాభం.

కారును నడుపుకుంటూ తెచ్చుకోలేదు. ఆ బెల్ట్‌తో కొలంబస్ దాకా హైవే మీద మూడు గంటలు నడపడానికి నాకు ధైర్యం లేదు, అవసరమూ లేదు. ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద ఎక్కించి నేరుగా మా మెకానిక్ దగ్గరికి పంపించాను. ముందు బెల్ట్, పంపు, టెన్షనర్, ఆ తర్వాత పీసీవీ, స్లీవ్, నూనెలు. టైర్లు 235/40 ఆర్18 నాలుగూ ఆర్డర్ పెట్టాను. కారుతున్న షాకును, దాని జోడీని రీబిల్డ్‌కు పంపి, అవి వచ్చేదాకా బుష్‌ల పని ఆపమన్నాను, ఎలాగూ అన్నీ ఒకసారే విప్పాలి. రోడ్ల మీద ఉప్పు చల్లే నెలల్లో మాత్రం దీన్ని బయటికి తీయను, ఇంట్లో టయోటా హైలాండర్ కూడా ఉంది.